గెడ్డలో చేపల లెక్క ఎక్సెల్‌లో వేయడం ఎలా

వైజాగ్ చుట్టుపక్కల గెడ్డల్లో (చిన్న వాగుల్లో) చేపలు ఏటా పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా అని చూడ్డానికి పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు, ఎక్సెల్ చాలు. కాకపోతే చిన్న గెడ్డల్లో చేప బతుకంతా ఎండాకాలం మిగిలే మడుగుల మీదే ఉంటుంది, అది పట్టించుకోని మోడల్ ఎంత అందమైన గీతలు గీసినా దండగే.

ముందు ఉన్నవెన్నో తేల్చాలి. అనంతగిరి కొండల్లో పుట్టి భీమిలి దగ్గర సముద్రంలో కలిసే గోస్తని మొత్తం మీ వల్ల కాదు గానీ, దిగి నడవగలిగే చిన్న పాయలో ఒక ముక్క ఎంచుకుని రెండు చివర్లా వల అడ్డం కట్టండి. పట్టిన పరిగెల్ని బకెట్లో ఉంచి (నీడలో పెట్టండి బాబూ), అదే వలతో అంతే సేపు మళ్లీ పట్టండి. మొదట 60, రెండోసారి 24 పడ్డాయనుకోండి, 60ని 60తో గుణించి తేడా 36తో భాగిస్తే 100, అంటే ఆ ముక్కలో సుమారు అన్ని ఉన్నట్టు. రెండోసారే ఎక్కువ పడితే ఈ సూత్రం పనిచేయదు. లెక్క అయ్యాక అన్నింటినీ వదిలేయండి.

ఇప్పుడు షీట్. కెనడా శాస్త్రవేత్త రికర్ 1954లో ఇచ్చిన సూత్రం వాడదాం: పెద్ద చేపల సంఖ్యని 'ఎ'తో (ఇరుకు లేనప్పుడు ఒక్కో పెద్ద చేపకి ఎదిగే పిల్లలు) గుణించి, దాన్ని మళ్లీ మైనస్ 'బి' (ఇరుకు ఎంత దెబ్బ కొడుతుందో చెప్పే అంకె) ఇంటూ పెద్ద చేపల సంఖ్యకి ఎక్సెల్ EXP ఫంక్షన్ ఇచ్చే ఎక్స్‌పొనెన్షియల్‌తో గుణిస్తే వచ్చే ఏటికి ఎదిగే పిల్లలు. ఊరికే ఉదాహరణకి ఎ 3, బి 0.01 అనుకుంటే 100 పెద్ద చేపలకి 110 పిల్లలు, 300కి మాత్రం 45 లోపే! కిక్కిరిసిన చోట తిండి చాలదు, గుడ్లనీ పిల్లల్నీ పెద్దవే తినేస్తాయి. మడుగులు సగానికి ఎండితే బి 0.02 అవుతుంది, అదే 100కి అప్పుడు 41 దాటవు. చావకుండా మిగిలిన పెద్దవాటిని దీనికి కలపడం మర్చిపోకండి.

ఏ ఏడు ఎండుతుందో 0కీ 1కీ మధ్య ఏదో ఒక అంకె ఇచ్చే ర్యాండ్ ఫంక్షన్‌కి వదిలేయండి: 0.3 కన్నా తక్కువ వస్తే కరువు బి, లేకపోతే మామూలు బి. ఆ 0.3 (అంటే పదేళ్లలో మూడు కరువు ఏళ్లు) బదులు మీ దగ్గరి వాన రికార్డుల్లోంచి తీసిన అంకె పెట్టండి, గెడ్డ పక్క ఊళ్లో పెద్దవాళ్లని అడిగినా చెప్తారు. సగటు వానతో ఒక్కసారి నడిపి ఊరుకోవద్దు, చేపల్ని చంపేది వరసగా వచ్చే రెండు మూడు చెడ్డ ఏళ్లు. 30 వరుసలు అంటే 30 ఏళ్లు, ఒక్కోటి ఒక్కోసారి నడిపినట్టుగా పక్కపక్కన 100 కాలమ్‌లు, వాటిలో ఎన్ని 10 చేపల కిందకి పడ్డాయో లెక్కపెట్టండి. ఏ సెల్ మార్చినా అంకెలన్నీ మారిపోతాయి, టెన్షన్ పడకుండా వ్యాల్యూస్‌గా పేస్ట్ చేసి పెట్టుకోండి.

మరుసటి వేసవి అదే ముక్కలో మళ్లీ పట్టి చూడండి. పిల్లలు లెక్క కన్నా మరీ తక్కువగా కనిపిస్తే మోడల్‌ని తిట్టే ముందు వల కన్ను చూడండి, పెద్ద కన్నులోంచి పరిగె పిల్లలు జారిపోతాయి.