గీత ఎంత లావుండాలో చెబుతున్నది ఎవరు?

నా కీబోర్డు కింద ఎప్పుడూ ఒక ఏ4 కాగితం ఉంటుంది. దాని మీద ఆటోక్యాడ్ (ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లు గీసే సాఫ్ట్‌వేర్) రంగులు 1 నుంచి 7 వరకు గీసిన ఏడు గీతలు, పక్కన పెన్సిల్‌తో రాసుకున్న మందాలు: 0.13, 0.18, 0.25, 0.35, 0.5, 0.7, 1.0 మిల్లీమీటర్లు. ప్రింట్ బాగా రాలేదని ఎవరైనా షీట్ పట్టుకొస్తే ముందు దాన్ని ఈ కాగితం పక్కన పెడతాను. గీతలన్నీ తప్పా, కొన్నే తప్పా? ఎక్కడ వెతకాలో దాన్నిబట్టే తెలుస్తుంది.

అన్నీ ఒకే లావులో, రంగుల్లో వచ్చాయంటే సీటీబీ ఫైల్, అంటే ఏ రంగు గీత ఎంత లావుగా, ఏ రంగులో ప్రింట్ కావాలో చెప్పే ఫైల్, పని చేయలేదన్నమాట. పేజ్ సెటప్ తెరిచి ప్లాట్ స్టైల్ టేబుల్ దగ్గర ఏముందో చూడండి. ఫైల్ పేరు ముందు 'మిస్సింగ్' అని ఉంటే ఆ ఫైల్ మీ కంప్యూటర్‌లో లేదు. స్టైల్స్‌మేనేజర్ అని టైప్ చేస్తే ఫోల్డర్ తెరుచుకుంటుంది, ఫైల్ తెప్పించుకుని అందులో వేయండి. పేరు సరిగ్గానే ఉంటే 'ప్లాట్ విత్ ప్లాట్ స్టైల్స్' టిక్ చూడండి. ఈ సెట్టింగ్ ఏ లేఅవుట్‌కి (ప్రింట్ కోసం అమర్చిన షీట్‌కి) ఆ లేఅవుట్‌దే. మొదటి షీట్ చక్కగా వచ్చి రెండోది పాడైందంటే నేను నేరుగా ఇక్కడికే వస్తాను.

జాబితాలో సీటీబీ ఫైళ్లు అసలు కనిపించకుండా ఎస్టీబీలు మాత్రమే ఉంటే, ఆ డ్రాయింగ్ రంగుల్ని బట్టి కాకుండా పేరు పెట్టిన స్టైల్స్‌తో తయారైంది. పీస్టైల్‌మోడ్ అని టైప్ చేస్తే విలువ 0 అని చూపిస్తుంది, రంగుల పద్ధతైతే 1. కన్వర్ట్‌పీస్టైల్స్ కమాండ్‌తో మార్చొచ్చు, కానీ ముందు కాపీ తీసుకోండి.

అసలు తలనొప్పి కొన్ని గీతలే తప్పుగా వచ్చినప్పుడు. ఒక గీత మందం గురించి ముగ్గురు మాట్లాడతారు: సీటీబీలో ఆ రంగుకు రాసిన లైన్‌వెయిట్ (గీత మందం), లేయర్‌కు (గీతల్ని విడివిడిగా సర్దుకునే పొరకు) ఇచ్చిన లైన్‌వెయిట్, ఆ వస్తువుకే విడిగా ఇచ్చినది. సీటీబీలో 0.35 అని అంకె ఉంటే మిగతా ఇద్దరి మాట చెల్లదు. అక్కడ 'యూజ్ ఆబ్జెక్ట్ లైన్‌వెయిట్' అని ఉంటేనే లేయర్‌దో వస్తువుదో నడుస్తుంది. మోనోక్రోమ్ సీటీబీ ఇలాంటిదే. అది రంగుల్ని నలుపు చేస్తుంది తప్ప లావు నిర్ణయించదు. లేయర్లలో డిఫాల్ట్ అని వదిలేసి మోనోక్రోమ్ పెడితే అన్నీ 0.25 వస్తాయి, మరి!

ఒకసారి బయటి నుంచి వచ్చిన సర్వే డ్రాయింగ్‌లో, మోనోక్రోమ్ పెట్టినా సరిహద్దు గీతలు పచ్చగానే వచ్చాయి. మూడుసార్లు సీటీబీ తెరిచి చూశాను, అందులో తప్పేమీ లేదు. చివరికి ప్రాపర్టీస్‌లో రంగు చూస్తే ఒక్క అంకె బదులు మూడు సంఖ్యలున్నాయి (ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు). ట్రూ కలర్! సీటీబీకి తెలిసినవి 255 ఇండెక్స్ రంగులే, అంటే 1 నుంచి 255 వరకు అంకెలున్న రంగులే. ట్రూ కలర్ మీద దాని మాట చెల్లదు. ఇండెక్స్ నుంచి దగ్గరి రంగు ఇవ్వగానే నల్లబడ్డాయి. బ్లాకుల్లో (ఒకే వస్తువుగా కట్టిన గీతల గుంపుల్లో) ఇలాంటివి దాక్కుంటే, రంగును లేయర్‌కే అప్పగించే సెట్‌బైలేయర్ కమాండ్ వాడండి.

ఏం మార్చినా కదలని లావు గీత కనిపిస్తే అది వెడల్పు ఇచ్చిన పాలీలైన్ (ముక్కలన్నీ కలిసి ఒకే వస్తువైన గీత) అయ్యుంటుంది. ఆ వెడల్పు, అంటే గ్లోబల్ విడ్త్, డ్రాయింగ్ కొలతల్లో ఉంటుంది కాబట్టి 50 మిల్లీమీటర్ల వెడల్పు 1:100లో కాగితం మీద 0.5 అవుతుంది. దాన్ని సున్నా చేసి లైన్‌వెయిట్ ఇవ్వడమే నాకు నచ్చిన దారి.

ఏ1 లేఅవుట్‌ను ఏ3 మీద సగం చేసి తీస్తే గీతలన్నీ ముద్దగా అతుక్కుంటాయి. 'స్కేల్ లైన్‌వెయిట్స్' టిక్ పెడితే అవీ సగమవుతాయి.

ఇంత చేసినా పీడీఎఫ్‌లో సన్నగీతలు లావుగా కనిపిస్తుంటే టెన్షన్ పడకుండా జూమ్ చేయండి. కొన్ని పీడీఎఫ్ వ్యూయర్లలో సన్నగీతల్ని లావుగా చూపించే సెట్టింగ్ ఉంటుంది. అక్రోబాట్ రీడర్‌లోనైతే దాని పేరు 'ఎన్‌హాన్స్ థిన్ లైన్స్', పేజ్ డిస్‌ప్లే ప్రిఫరెన్సెస్‌లో దాని టిక్ తీసేయండి. ఈ ఒక్క టిక్ తెలియక నేను ఒక పూట సీటీబీ సరిదిద్దుతూ కూర్చున్నాను.