ఒక్కో కస్టమర్‌కి ఎన్ని బాకీ బిల్లులున్నాయో షీట్‌లో లెక్కపెట్టడం

బట్టల షాపు ఖాతా షీట్‌లో పెట్టాం అనుకోండి, ఎ కాలమ్‌లో తేదీ, బి లో కస్టమర్ ఫోన్ నంబర్, సి లో అమౌంట్, డి లో పెయిడ్ లేదా బాకీ. వెయ్యి దాటిన బాకీ బిల్లులు ఎవరికెన్ని ఉన్నాయో కావాలి. ఫిల్టర్ పెట్టి ఒక్కొక్కరినీ చూస్తూ కూర్చుంటే సాయంత్రం అయిపోద్ది, దీనికి కౌంటిఫ్స్ అనే ఫంక్షన్ ఉంది, పెట్టిన కండిషన్లకి సరిపోయే వరుసలు ఎన్నో లెక్కపెడుతుంది, ఎక్సెల్‌లో 2007 నుంచీ ఉంది, గూగుల్ షీట్స్‌లోనూ ఇదే.

ముందు బి కాలమ్‌ని జి లోకి కాపీ చేసి రిమూవ్ డూప్లికేట్స్ కొట్టండి, ఒక్కో నంబర్ ఒక్కసారే మిగుల్తుంది. తర్వాత హెచ్2 లో ఇది కొట్టి, జి లో నంబర్లు ఉన్నంతవరకూ కిందికి లాగండి:

=కౌంటిఫ్స్($బి$2:$బి$500, జి2, $డి$2:$డి$500, "బాకీ", $సి$2:$సి$500, ">1000")

ఇక్కడ తెలుగులో రాశా గానీ షీట్‌లో ఫంక్షన్ పేరు, కాలమ్ అక్షరాలు ఇంగ్లీష్‌లోనే కొట్టాలి, బాకీ అన్నది మాత్రం మీ డి కాలమ్‌లో ఎలా ఉంటే అలాగే. డాలర్ గుర్తులు వదిలేస్తే ఫార్ములా కిందికి లాగినప్పుడు రేంజ్ కూడా జారిపోయి పై బిల్లులు లెక్కలోంచి పోతాయి, ఎర్రర్ కూడా రాదు, తప్పు నంబర్ దర్జాగా కూర్చుంటది. జి2 కి మాత్రం డాలర్ వద్దు. రేంజులన్నీ ఒకే సైజు ఉండాలి, లేదంటే వాల్యూ ఎర్రర్.

ఏప్రిల్ బిల్లులే కావాలంటే బ్రాకెట్ మూసేముందు ఇవి కలపండి:

$ఎ$2:$ఎ$500, ">="&డేట్(2025,4,1), $ఎ$2:$ఎ$500, "<"&డేట్(2025,5,1)

ఏప్రిల్ 30 లోపు అని పెట్టకుండా మే 1 కంటే ముందు అని ఎందుకంటే, తేదీతో పాటు టైమ్ కూడా ఉన్న షీట్‌లో 30 నాటి బిల్లులు దాదాపు అన్నీ మిస్సవుతాయి.

ఇంకోటి, ఇందులో పెట్టిన కండిషన్లన్నీ ఒకేసారి నిజం కావాలి. "బాకీ" గానీ "సగం కట్టారు" గానీ కావాలంటే రెండూ ఒకే దాంట్లో పెడితే సున్నా వస్తది, విడివిడిగా రెండు కౌంటిఫ్స్ రాసి ప్లస్‌తో కలపాలి.

పేర్లు కాకుండా ఫోన్ నంబర్ ఎందుకంటారా, లక్ష్మి వేరు లక్ష్మీ వేరు అనుకుంటది షీట్, పైగా ఒకే వీధిలో ఇద్దరు లక్ష్ములుంటే ఇద్దరి బాకీ కలిసిపోద్ది. నంబర్ అయినా ఒకచోట ప్లస్ 91 తో, ఇంకోచోట లేకుండా ఉంటే ఇద్దరు మనుషుల కిందే లెక్క. "బాకీ" తర్వాత ఒక స్పేస్ పడినా ఆ బిల్లు లెక్కలోకి రాదు, పాతవి అదనపు స్పేసులు తీసేసే ట్రిమ్ ఫంక్షన్‌తో శుభ్రం చేసుకుని డి కాలమ్‌కి డేటా వ్యాలిడేషన్‌లో డ్రాప్‌డౌన్ లిస్టు పెట్టేయండి, ఇక చేత్తో టైప్ చేసే పనుండదు.