అరవై దాటాక సైకిల్: ముందు సీటు, ఆ తర్వాతే వేగం

నాకు 64 ఏళ్లు. మొదట్లో రోజూ మోకాలి నొప్పితో ఇంటికి వచ్చేవాణ్ని. తప్పు మోకాలిది కాదు, సీటుది. గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి. పెడల్ పూర్తిగా కిందికి వచ్చినప్పుడు మడమ ఆనిస్తే కాలు తిన్నగా సాగాలి. మోకాలు వంగితే సీటు కాస్త పైకి లేపండి. తొక్కేటప్పుడు మాత్రం పాదం ముందు భాగమే ఆనాలి.

బరువైన గేరు వద్దు. కుడి మోకాలు 15 సెకన్లలో 20 సార్లు పైకి వస్తే నిమిషానికి 80 చుట్లు, అది చాలు.

నేను హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, సౌర ఫలకాల నీడలో ఉన్న 23 కిలోమీటర్ల ట్రాక్ మీద తొక్కుతాను. ఎక్కువ రోజులు మాట్లాడగలిగే వేగమే. వారానికొకసారి మూడు నిమిషాలు గట్టిగా, మూడు నిమిషాలు నెమ్మదిగా, ఇలా నాలుగుసార్లు. మర్నాడు తప్పకుండా విశ్రాంతి. ఛాతీలో బిగువు అనిపిస్తే అక్కడే దిగి 108కి ఫోను చేయండి.