నిలబడి చెడిన మిలిటరీ లారీ: లక్షణం నుంచి లోపం దాకా

మన చేతికొచ్చే పాత మిలిటరీ లారీల్లో తిరిగి అరిగినవి తక్కువ, నిలబడి చెడినవే ఎక్కువ. ఈ సంగతి గుర్తుంటే సగం వెతుకులాట తప్పుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన జీఎంసీ సీసీకేడబ్ల్యూ లారీలు 1941 నుంచి 1945 దాకా ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. 1944 ఆగస్టు చివరి నుంచి నవంబరు మధ్య వరకు ఫ్రాన్స్‌లో రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్ పేరుతో రాత్రింబవళ్లు సరుకు మోసిన లారీల్లో ఎక్కువ భాగం ఇవే. అంత పరుగును తట్టుకున్న బండి ముప్పై నలభై ఏళ్లు ఓ షెడ్డులో కదలకుండా ఉంటే దానికి పట్టే రోగాలు వేరు. కాయిల్ కరెంటును తెంచి కలిపే పాయింట్ల మీద పొర, ట్యాంకులో తుప్పు, బ్రేక్ సిలిండర్లలో నీరు, వైర్ల మధ్య ఎలుకల గూళ్లు.

మేం నలుగురం స్నేహితులం, సెలవు రోజుల్లో పొలం పక్క షెడ్డులో ఈ పని చేస్తాం. లిఫ్టు లేదు, నేల మట్టిది. మాకు ఎదురైన లక్షణాలు, వాటిని పట్టుకున్న పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. కొలతలన్నీ మీ బండి మాన్యువల్‌లోవే తీసుకోండి. సీసీకేడబ్ల్యూకి సైన్యం అచ్చు వేసిన టెక్నికల్ మాన్యువల్ టీఎం 9-801. అది షెడ్డులో ఉండాలి, ఇంట్లో బీరువాలో కాదు.

ఇంజిన్ అసలు తిరగడం లేదు

గేరు న్యూట్రల్‌లో ఉందా, సెల్ఫ్ పళ్లు ఫ్లైవీల్‌లో ఇరుక్కున్నాయా అన్నవి ముందు చూడండి. అవి కాకపోతే పిస్టన్ రింగులు సిలిండర్ గోడలకు తుప్పుతో పట్టేశాయి. ప్లగ్గులన్నీ విప్పి ప్రతి సిలిండర్‌లో తుప్పు వదిలించే నూనె పోసి రోజుల తరబడి నాననివ్వండి. తర్వాత హ్యాండిల్‌తో ముందుకు కొంచెం, వెనక్కి కొంచెం ఊపండి. వేలెడంత కదిలినా ఆ రోజుకు చాలు, మళ్లీ నూనె పోసి వదిలేయండి.

ట్రాక్టరుకు కట్టి లాగుదామనే తొందర ఎవరో ఒకరికి తప్పకుండా పుడుతుంది. ఒప్పుకోకండి. పట్టేసిన రింగు అలా విరుగుతుంది, సిలిండర్ గీసుకుపోతుంది. ఇంజిన్ తిరగడం మొదలయ్యాక కూడా హెడ్ మీద కవరు తీసి, ఒకరు హ్యాండిల్ తిప్పుతుంటే ఇంకొకరు వాల్వులు లేచి మళ్లీ దిగుతున్నాయో లేదో చూడాలి. సీసీకేడబ్ల్యూలోని 270 క్యూబిక్ అంగుళాల ఇంజిన్‌కు వాల్వులు హెడ్‌లోనే ఉంటాయి. ఒక్క వాల్వు ఇరుక్కుని ఉండగా సెల్ఫ్ కొడితే వాల్వును నెట్టే కడ్డీ, అంటే పుష్ రాడ్, వంగుతుంది.

సెల్ఫ్ కొడితే నీరసంగా తిరుగుతోంది

బ్యాటరీ కొత్తది, ఛార్జి నిండుగా ఉంది, అయినా సెల్ఫ్ ఓపిక లేనట్టు తిరుగుతుంది. ఇంజిన్ వేడిగా ఉంటే మరీనూ. చాలామంది సెల్ఫ్ విప్పేస్తారు. మేమూ మొదట అదే చేశాం, ఒక రోజంతా పోయింది. లోపం కేబుళ్లలో ఉంది.

రెండో ప్రపంచ యుద్ధకాలపు సీసీకేడబ్ల్యూకి ఉన్నది 6 వోల్టుల కరెంటు. అదే శక్తి రావాలంటే 12 వోల్టుల బండితో పోలిస్తే రెట్టింపు కరెంటు పారాలి. అంటే అదే కేబులులో పోయే వోల్టేజీ రెట్టింపు, పోగొట్టుకోవడానికి మన దగ్గరున్నదేమో సగం. మొత్తం మీద దెబ్బ నాలుగు రెట్లు. ఈమధ్య కార్లకు వేసే సన్న కేబులు బిగించి బండి నీరసంగా ఉందంటే తప్పు బండిది కాదు.

మల్టీమీటర్ ఉంటే పది నిమిషాల్లో తేలుతుంది. ఒకరు సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ నెగటివ్ పోస్టుకూ సెల్ఫ్ బాడీకీ మధ్య వోల్టేజీ చూడండి. 0.2 దాటితే ఎర్త్ సరిగా లేదు. అలాగే పాజిటివ్ పోస్టు నుంచి సెల్ఫ్ టెర్మినల్ దాకా చూడండి, 0.3 దాటకూడదు. ఎర్త్ కేబులు ఛాసిస్‌కు తగిలే చోట రంగు, తుప్పు గీకి మెరిసే ఇనుము కనిపించాలి. అందంగా ఉండాలని ఛాసిస్ మొత్తానికి దట్టంగా రంగు కొట్టి, దాని మీదే ఎర్త్ బిగించడం రిపేరు బండ్లలో తరచూ జరిగే తప్పు. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద ఉంటుంది కాబట్టి, ఇంజిన్ నుంచి ఛాసిస్‌కు వేరే ఎర్త్ పట్టీ ఉండాలి.

24 వోల్టుల బండి, రెండు బ్యాటరీల్లో ఎప్పుడూ ఒకటే చస్తోంది

యుద్ధం తర్వాత వచ్చిన ఎం35, డాడ్జ్ ఎం37 లాంటి లారీలు 24 వోల్టులవి, రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిపి ఉంటాయి. పాత యజమాని రేడియోకో ఫ్యానుకో ఒక్క బ్యాటరీ నుంచి 12 వోల్టుల వైరు లాగి ఉంటాడు. ఆ బ్యాటరీ ఎప్పుడూ అరకొరగా, రెండోది అతిగా ఛార్జి అవుతాయి. ఆ వైరు పీకేసి, 24 నుంచి 12కు మార్చే కన్వర్టర్ పెట్టండి. బ్యాటరీలు రెండూ ఒకే వయసువి, ఒకే రకానివి ఉండాలి.

పది నిమిషాలు బాగా నడిచి ఆగిపోతుంది, చల్లారాక మళ్లీ స్టార్ట్ అవుతుంది

అన్నిటికంటే ఎక్కువగా మమ్మల్ని తిప్పలు పెట్టింది ఇదే. దీనికి కనీసం నాలుగు కారణాలున్నాయి, నాలుగూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. ఆగిపోయిన క్షణంలోనే పట్టుకోవాలి. బండి చల్లారాక ఏది చూసినా బాగానే ఉంటుంది. అందుకే ఊరి బయట రోడ్డు మీదికి వెళ్లేటప్పుడు పానాలు, ఒక విడి ప్లగ్గు, మల్టీమీటర్ క్యాబిన్‌లో ఉండాలి, ఎవరు ఏం చూడాలో ముందే అనుకోవాలి.

బండి ఆగగానే ఒకరు పెట్రోల్ ట్యాంకు మూత తీయండి. బుస్సుమని గాలి లోపలికి పోతే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది. ట్యాంకులో గాలి చొరబడక పెట్రోల్ రావడం ఆగింది. ఖర్చు లేని రిపేరు ఇది.

అదే సమయంలో రెండో మనిషి ఒక ప్లగ్గు వైరు తీసి విడి ప్లగ్గుకు తగిలించి, దాన్ని ఇంజిన్ ఇనుముకు ఆనించాలి. పక్కనే పెట్రోల్ ఆవిరి లేదని చూసుకున్నాకే ఇంకొకరు సెల్ఫ్ కొట్టాలి. నీలిరంగు నిప్పురవ్వ గట్టిగా వస్తుంటే కరెంటు వైపు బాగుంది, పెట్రోల్ వైపు వెళ్లండి. రవ్వ ఎర్రగా, బలహీనంగా ఉన్నా, అసలు రాకపోయినా లోపం రవ్వ పుట్టించే కాయిల్‌లో లేదా కండెన్సర్‌లో ఉంది. వేడెక్కాక తెగి చల్లారాక కలిసే కాయిల్‌ను ఇంట్లో మీటరుతో చూస్తే మంచిదనే చెబుతుంది. ఎం37లో కాయిల్ నీరు చొరబడకుండా మూసిన డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచే డబ్బా) లోపలే ఉంటుంది, బయట వెతికితే దొరకదు.

పెట్రోల్ వైపైతే కార్బ్యురేటర్ పైనుంచి లోపలికి చూస్తూ యాక్సిలరేటర్ నొక్కండి. ధార రాకపోతే కార్బ్యురేటర్ గిన్నెలో పెట్రోల్ లేదు. ట్యాంకు అడుగునున్న తుప్పు పొడి బండి ఊగినప్పుడు లేచి పైపుకు అడ్డంపడుతుంది, ఆగాక మళ్లీ కిందికి దిగుతుంది. చల్లారితే స్టార్ట్ అయ్యేది అందుకే, వేడికి సంబంధం లేదు. ఫిల్టర్ మార్చడం తాత్కాలికం. ట్యాంకు దింపి కడిగి తుప్పు వదిలించేదాకా ఇది తిరిగి వస్తూనే ఉంటుంది. మా బండికి మూడు ఫిల్టర్లు మార్చాక గానీ మాకు ఈ బుద్ధి రాలేదు. ట్యాంకు శుభ్రంగా ఉన్నా ఆగుతుంటే, పెట్రోల్ పైపు ఎక్కడ సైలెన్సర్ పైపుకు దగ్గరగా పోతోందో చూడండి. అక్కడ పెట్రోల్ ఆవిరై పంపు లాగలేకపోతుంది.

ఇంజిన్ ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరుగుతోంది

డిప్‌స్టిక్ వాసన చూడండి. పెట్రోల్ వాసన వస్తే పెట్రోల్ పంపు లోపలి పొర (డయాఫ్రం) చిరిగి పెట్రోల్ క్రాంక్‌కేసులోకి దిగుతోంది. ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోల్ పాత రబ్బరును తినేస్తుంది. ఇంజిన్ ఒక్క నిమిషం కూడా నడపకుండా పంపు కిట్టు, ఆయిల్ రెండూ మార్చండి. వాసన లేకుండా ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే అది నీరు: హెడ్ గ్యాస్కెట్ గానీ పగులు గానీ.

బ్రేకు వేశాక వదలడం లేదు, డ్రమ్ములు కాలిపోతున్నాయి

బ్రేకుల దగ్గర తొందర పనికిరాదు. ఆ కాలపు లారీల్లో బ్రేక్ ఆయిల్‌కు ఒకటే లైను. ఎక్కడ ఒక్క పైపు పగిలినా అన్ని చక్రాలకూ బ్రేకు పోతుంది. సగం పనిచేస్తోందిలే అనుకోవడానికి వీల్లేదు.

వేడెక్కిన చక్రం దగ్గర గాలి తీసే నిపుల్ కొంచెం విప్పండి. ఆయిల్ చిమ్మి చక్రం వదిలితే పీడనం లోపల ఇరుక్కుంది. చిమ్మకుండా, చక్రం బిగుసుకునే ఉంటే లోపం డ్రమ్ములో ఉంది: తుప్పు పట్టిన వీల్ సిలిండర్, లేదా నీరసించిన స్ప్రింగు. పీడనమే అయితే తర్వాతి ప్రశ్న, ఎక్కడ ఇరుక్కుంది? మళ్లీ బ్రేకు నొక్కి వదిలి, ఈసారి మాస్టర్ సిలిండర్ దగ్గరి పైపు నట్టు వదులు చేయండి. అన్ని చక్రాలూ వదిలితే మాస్టర్ సిలిండర్ తప్పు. చాలాసార్లు పెడల్‌కు పైన ఉండాల్సిన ఖాళీ కదలిక లేకపోవడమే కారణం. ఆ ఖాళీ లేకపోతే ఆయిల్ వెనక్కి పోయే చిన్న రంధ్రం మూసుకునే ఉంటుంది. పెడల్ కడ్డీ సరిచేస్తే చాలు. ఒక్క చక్రం మాత్రం వదలకపోతే ఆ వైపు రబ్బరు హోస్ లోపల ఉబ్బిపోయింది. బయటికి కొత్తదానిలా మెరుస్తున్నా మార్చేయాల్సిందే.

బ్రేక్ ఆయిల్ గురించి ఒక హెచ్చరిక. 1980లలో అమెరికా సైన్యం సిలికోన్ రకం డాట్ 5కు మారింది, ఊదారంగులో ఉంటుంది. నీటిని పీల్చదు కాబట్టి ఎక్కువ రోజులు నిలబడే బండికి మంచిది. కానీ డాట్ 3, డాట్ 4తో కలవదు. డాట్ 5.1 పేరులో 5 ఉన్నా సిలికోన్ కాదు. రకం మార్చాలంటే పైపులు కడిగి, రబ్బర్లన్నీ కొత్తవి వేసి మార్చాలి. డబ్బా మీద ఏముందో ఇద్దరు చదవాలన్నది మా షెడ్డులో నియమం.

పెడల్ రాయిలా గట్టిగా ఉంటే సీసీకేడబ్ల్యూలో హైడ్రోవాక్ చూడాలి, అంటే ఇంజిన్ వాక్యూమ్‌తో బ్రేకుకు బలం చేర్చే పరికరం. ఇంజిన్ ఆపి నాలుగైదు సార్లు నొక్కి, అలాగే నొక్కి పట్టుకుని స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగకపోతే వాక్యూమ్ పైపులో లీకు, లేదా హైడ్రోవాక్ లోపల లోపం.

చక్రం నట్టు ఎంత తిప్పినా రావడం లేదు

మా వాడొకడు పానాకు పొడవాటి పైపు తొడిగి, మీదికెక్కి నిలబడి స్టడ్డు తెగ్గొట్టాడు. "ఒరేయ్, ఎడమ వైపురా అది!" అని అరిచేలోపే అయిపోయింది. ఈ లారీల్లో చాలావాటికి ఎడమ వైపు చక్రాల నట్లు ఎడమ మరవి, తిరగేసి తిప్పాలి. స్టడ్డు చివర ఎల్ అక్షరం ఉందేమో గుడ్డతో తుడిచి చూడండి.

ఇంకో నట్టుతో ప్రాణాపాయం ఉంది. అదే యుద్ధకాలపు డాడ్జ్ డబ్ల్యూసీ లాంటి వాటిలో చక్రం డిస్కు రెండు ముక్కలుగా ఉండి, బోల్టులతో కలిసి ఉంటుంది. టైరులో గాలి ఉండగా ఆ బోల్టులు విప్పితే రెండు ముక్కలూ తుపాకీ గుండులా విడిపోతాయి. ఏ చక్రం విప్పాలన్నా ముందు వాల్వు పిన్ను తీసి గాలి మొత్తం పోనివ్వండి. లాక్ రింగు (టైరును చక్రం మీద పట్టి ఉంచే ఇనుప రింగు) ఉన్న చక్రాలకు గాలి కొట్టేటప్పుడు ఇనుప బోనులో పెట్టి, పొడవాటి హోస్‌తో పక్కన నిలబడి కొట్టాలి. రింగుకు తుప్పుతో గుంటలు పడితే రంగు వేసి సర్దకండి, పారేయండి. మట్టి నేల మీద జాకీ కింద మందపాటి చెక్క వేయండి, బండి ఎత్తాక స్టాండ్ల మీదే నిలపండి.

గట్టి రోడ్డు మీద స్టీరింగు బిగుసుకుని బండి గుంజుతోంది

ముందు చక్రాల గేరు వేసే ఉంచారు. ముందు, వెనక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ లేదు కాబట్టి మలుపులో చక్రాలు జారడానికి దారి ఉండదు. గట్టి నేల మీద ఆ గేరు తీసేయండి. తీసే లివరు రాకపోతే బండిని నాలుగడుగులు వెనక్కి పోనివ్వండి, బిగువు వదులుతుంది. నేరుగా పోతున్నా గుంజుతుంటే టైర్ల చుట్టుకొలత టేపుతో కొలవండి, అన్నీ ఒకేలా లేకపోతే అదే కారణం.

నిన్న బాగుంది, ఇవాళ కొత్త లోపం

ముగ్గురు నలుగురు కలిసి చేసే చోట ఇది తప్పదు. నిన్న ఎవరో ఒక నట్టు వేలితో బిగించి, తర్వాత పానాతో బిగిద్దామనుకుని అన్నానికి వెళ్లి ఉంటారు. మాకు ఒకసారి స్టీరింగు కడ్డీ దగ్గరే అలా జరిగింది. బండి షెడ్డు గుమ్మం దాటకముందే కనిపించింది కాబట్టి బతికాం. కొత్త లక్షణం కనిపిస్తే మొదట అడగాల్సింది ఇంజిన్‌ను కాదు, "చివరిసారి ఎవరు, ఏం ముట్టుకున్నారు?" అని ఒకరినొకరు. అప్పటి నుంచి సగంలో ఆగిన పని ఉంటే స్టీరింగుకు ఎర్రగుడ్డ కడుతున్నాం, దానికి ఏం మిగిలిందో రాసిన అట్టముక్క వేలాడుతుంది. కట్టినవాడే విప్పాలి. బిగింపు పూర్తయిన ప్రతి నట్టు మీద తెల్లరంగుతో గీత పెట్టి, రెండో మనిషి ఇంకోసారి పానా వేసి చూస్తాడు.