ఇంజిన్ వేడెక్కితే బానెట్ ఎత్తే ముందు

ఎండాకాలం మధ్యాహ్నం కడప నుంచి రాయచోటి పోతూ గువ్వలచెరువు ఘాట్‌లో టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దగ్గరికి వచ్చిందంటే, ఏసీ ఆపేయండి. మలుపు దాటి, వెడల్పున్న చోట బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపండి. హజార్డ్ లైట్లు వేయండి.

• ఆవిరి తగ్గేదాకా బానెట్ జోలికి పోవద్దు.

• రేడియేటర్ మూత: అసలు ప్రమాదం ఇక్కడే. లోపల ప్రెషర్ ఉండబట్టి కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) వంద డిగ్రీలు దాటినా మరగదు. మూత తిప్పగానే ప్రెషర్ పోయి, ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. కనీసం అరగంట ఆగండి. రేడియేటర్ పైనుండే రబ్బరు గొట్టం (హోస్) ఇంకా గట్టిగా, వేడిగా ఉంటే మరికాసేపు ఆగాల్సిందే. ఆ తర్వాతైనా మందపాటి గుడ్డ వేసి, మొహం పక్కకు పెట్టి, మెల్లగా తిప్పండి. చుట్టూ చేరినవాళ్లు "ఏం కాదులే అన్నా, తిప్పు" అంటారు. వినొద్దు.

• తాళం తీసేసినా కొన్ని కార్లలో ఫ్యాన్ తిరుగుతుంది. చేతులు, చున్నీ, తువ్వాలు దూరం.

• కాలుతున్న ఇంజిన్‌లో చన్నీళ్లు పోయొద్దు. ఇంజిన్ పైభాగం, అంటే సిలిండర్ హెడ్, పగలొచ్చు.

• మన సీమ బోరునీళ్లలో ఉప్పు ఎక్కువ, రేడియేటర్‌లో పొరలు కడుతుంది. గత్యంతరం లేక పోసినా, షెడ్డుకు చేరగానే కడిగించి సరైన కూలెంట్ పోయించండి.

• ఆయిల్ మూత అడుగున పాలు కలిపినట్టు తెల్లటి జిగురుంటే హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ హెడ్ కింద ఉండే సీలు) పోయిందేమోనని అనుమానించాలి. మళ్లీ స్టార్ట్ చేయకుండా బండిని లాగించుకుపోండి. ఖర్చే, కానీ ఇంజిన్ పనికంటే చవక.

• కారిన కూలెంట్ విషం. పిల్లలను, కుక్కలను దగ్గరికి రానీయొద్దు.