మంచు పట్టిన గోదారిని వాటర్‌కలర్‌లో వేయాలంటే

ముందు ఆకుపచ్చ ట్యూబులు పక్కన పెట్టేయండి. కోనసీమ అనగానే అందరి చెయ్యీ వాటి మీదకే పోతుంది. కానీ జనవరిలో పొద్దున్నే మంచు పట్టినప్పుడు ముక్తేశ్వరం రేవులో నిలబడి అవతల కోటిపల్లి వైపు చూడండి, అక్కడి కొబ్బరిచెట్లలో ఆకుపచ్చ అన్నదే ఉండదు, నీలం కలిసిన బూడిద రంగే. ముక్తేశ్వరం వైపు నుంచే ఎందుకంటే, పొద్దున ఇక్కడైతే సూర్యుడు ఎదురుగా ఉంటాడు. వెలుగు మన వీపు మీద పడితే మంచు చప్పగా తెల్లగా ఉంటుంది, ఎదురొస్తేనే బంగారంలా మెరుస్తుంది.

ఇంగ్లిష్ చిత్రకారుడు టర్నర్ పట్టుకున్న కిటుకు ఇదే. 1845 ప్రాంతంలో ఆయన వేసిన ‘నోరమ్ కాసిల్, సన్‌రైజ్’ ఫోన్‌లో తీసి చూడండి: కోట ఒక నీలి మరక, ఏట్లో ఆవు ఒక ఎర్రమట్టి మరక, అంతే. అది ఆయిల్ పెయింటింగే గానీ, ఆ పల్చదనం వాటర్‌కలర్ వేసిన చేతిది.

ఇక పని. 300 జీఎస్ఎం (మందపాటి) కాగితం బాగా తడిపి ఎల్లో ఓకర్, అంటే మట్టి పసుపు, పల్చగా పరవండి, సూర్యుడి చోట మాత్రం కాగితం తెలుపే ఉంచాలి. ఆరకముందే కోబాల్ట్ బ్లూలో కాస్త బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు) కలిపి అంచుల నుంచి లోపలికి తీసుకురండి. తడి మెరుపు పోయి, కాగితం ఇంకా చల్లగా తగులుతున్నప్పుడే అవతలి గట్టు తోటలు వేయాలి, అసలు కష్టం ఇక్కడే. బ్రష్‌లో నీళ్లు కాగితం మీది తడికన్నా తక్కువ ఉండాలి, ఎక్కువైతే రంగు విరిగి అంచులు పువ్వుల్లా లేస్తాయి, పైగా ఆ వేళ గాలిలో ఉండే తేమకి కాగితం ఓ పట్టాన ఆరదు కాబట్టి టెన్షన్ పడకుండా ఆగాలి. చెట్ల మొదళ్ల దగ్గర టిష్యూతో అద్ది రంగు తీసేయండి. మంచు నీటిని ఆనుకుని ఉంటుంది కదా, మొదళ్లు మాయమై తలలే తేలాలి.

పూర్తిగా ఆరాక పంటు (జనాన్ని రేవు దాటించే పెద్ద పడవ) ఒక్కటే ముదురుగా, పదునైన అంచుతో. ఇంకో పడవ కూడా పెడదామనిపిస్తుంది, వద్దు. నీటి మీద తళుకు కావాలంటే బ్లేడు మొనతో గీకండి, టర్నర్ అయితే గోటితోనే గీకేసేవాడట.

వానాకాలం మబ్బులకి మాత్రం ఇంకో ఇంగ్లిష్ చిత్రకారుడు జాన్ కానిస్టేబుల్ పద్ధతి మేలు. 1821, 1822లో లండన్ పక్కన హాంప్‌స్టెడ్‌లో ఆయన ఒట్టి ఆకాశాన్నే వేసి, వెనక తేదీ, వేళ, గాలి ఎటునుంచో రాసుకునేవాడు. మనకి ఆషాఢంలో ఊడ్పులకి నీళ్లు పెట్టిన చేలు ఉన్నాయి. పైన మబ్బుకి వాడిన రంగునే కాస్త ముదురు చేసి చేలో పరిచేయండి, గట్లు ఆ తర్వాత గీసుకోవచ్చు.