యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా పాత కారు ఊగుతోందా? ముందు స్ప్రే డబ్బా పక్కన పెట్టండి

ఈ మధ్య తెలిసినవాళ్ల పాత కారు ఒకటి బానెట్ ఎత్తి ఉండగానే తగలబడింది. యాక్సిలరేటర్ తొక్కితే వేగం ఒకసారి ఎగదన్నడం, అంతలోనే పడిపోవడం. గాలి ఎక్కడ లీకవుతోందో చూద్దామని కార్బ్యురేటర్ క్లీనర్ స్ప్రే కొట్టారు. ఇంజిన్ అప్పటికే బాగా కాగి ఉంది. కొట్టినాయన చేతులు కాలాయి, కారు మిగల్లేదు.

హ్యాండ్‌బ్రేక్ వేయడం, చొక్కా చేతులు మడుచుకోవడం మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. నేను మళ్లీ మళ్లీ చూసిన తప్పు ఒక్కటే: నడుస్తున్న వేడి ఇంజిన్ మీద మండే స్ప్రే కొట్టడం. స్ప్రే తగిలిన చోట ఇంజిన్ శబ్దం మారితే లీకు అక్కడే అని లెక్క. లెక్క సరైనదే. కానీ పాత కారులో ప్లగ్ వైర్ల తొడుగు చాలాసార్లు బీటలిచ్చి ఉంటుంది. చీకట్లో బానెట్ ఎత్తి చూడండి, ఆ బీటల దగ్గర నీలంగా నిప్పురవ్వలు చిటపటలాడుతుంటాయి. ఆ కిందే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, అంటే పొగ బయటికి పోయే గొట్టాలు, గట్టిగా తోలి వచ్చాక ఎర్రబడేంత వేడెక్కగలదు.

ఇంత తెగించినా దొరికేది తక్కువ. గాలి లీకు గోల ఐడ్లింగ్‌లోనే, అంటే తొక్కకుండా ఇంజిన్ ఊరికే నడిచేటప్పుడే, ఎక్కువ. తొక్కేకొద్దీ గాలి లోపలికి వెళ్లే ఇంటేక్ మానిఫోల్డ్‌లో వాక్యూమ్ (పీల్చే బలం) తగ్గి, లీకు ప్రభావమూ తగ్గుతుంది. ఐడ్లింగ్‌లో నిలకడగా ఉండి, తొక్కినప్పుడే ఊగే బండిలో ముందు అనుమానించాల్సింది పెట్రోలు సరఫరాని. ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు, పంపు నీరసించి ఉండొచ్చు.

ఇంజిన్ ఆపి చూసేవి

యాక్సిలరేటర్ ఎంత తొక్కామో చెప్పే త్రాటిల్ సెన్సర్‌తో మొదలుపెట్టండి, ఇందులో ప్రమాదం లేదు. స్టార్ట్ చేయకుండా తాళం ఆన్‌లో పెట్టి, సెన్సర్‌కి మల్టీమీటర్ తగిలించి, పెడల్ నెమ్మదిగా తొక్కండి. చాలా కార్లలో సుమారు 0.5 వోల్టుల నుంచి 4.5 దాకా ఎక్కడా తెగకుండా పెరగాలి. మధ్యలో ఒక్కసారి అంకె పడిపోయి మళ్లీ లేచిందంటే సెన్సర్ అరిగినట్టే. రబ్బరు గొట్టాలు వేలితో వంచి బీటలు చూడండి. లోపలికి వెళ్లే గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సర్ తుడవాలంటే దానికని అమ్మే క్లీనరే వాడండి, పూర్తిగా ఆరాకే బిగించండి.

పెట్రోలు పైపు విప్పే ముందు

ఇంజెక్షన్ కారులో (పెట్రోలును ఒత్తిడితో చిమ్మే రకం) ఇంజిన్ ఆపినా లైనులో ఒత్తిడి మిగిలే ఉంటుంది. పంపు ఫ్యూజ్ తీసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడవనివ్వండి. తర్వాత బ్యాటరీ నెగటివ్ తీసేయండి. చల్లారాకే పైపు ముట్టుకోండి. అప్పుడు కూడా గుడ్డ చుట్టి విప్పండి.

ఇక మిగతావి:

- వేడి ఇంజిన్ మీద స్ప్రే వద్దు. సీసాలో పోసిన పెట్రోలైతే అసలే వద్దు.
- లీకు వెతకాలంటే పొగ టెస్ట్ (లోపలికి పొగ పంపి ఎక్కడ బయటికొస్తుందో చూడటం) చేయించండి. లేదా సన్నటి రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొసని అనుమానమున్న చోట్ల జరుపుతూ వినండి, లీకు దగ్గర బుస్సుమంటుంది. గొట్టం ఫ్యాన్‌కి, బెల్టుకి తగలనివ్వకండి.
- ఇంజిన్ ఆపినా ఎలక్ట్రిక్ ఫ్యాన్ తిరగొచ్చు. చెయ్యి పెట్టొద్దు.
- తలుపులు మూసిన షెడ్డులో ఇంజిన్ నడపొద్దు.
- గేరులో ఉంచి రేస్ చేయొద్దు. కారు ముందు ఎవరినీ నిలబెట్టొద్దు.
- బ్రేక్ బూస్టర్ (బ్రేకు తొక్కడం తేలిక చేసేది) గొట్టానికి క్లిప్పు పెట్టి పరీక్షించారా? బండి కదిలించే ముందు తీసేయండి.
- పెట్రోలు వాసన వస్తే అన్నీ ఆపండి. స్టార్ట్ చేయొద్దు.
- పొడి చిమ్మే అగ్నిమాపక సిలిండర్ చేతికి అందేలా పెట్టుకోండి. మూసిన బానెట్ కింద మంట లేస్తే పూర్తిగా ఎత్తొద్దు. నీళ్లు పోయొద్దు.
- మళ్లీ చెప్తున్నా, స్ప్రే వద్దు. "కొంచెమే కదా" అన్నవాళ్ల బళ్లే కాలాయి.
- ఇలాంటి బండితో ఓవర్‌టేక్ చేయొద్దు.
- రోడ్డు మీద ఇంజిన్ రేస్ అయిపోతే బ్రేకు ఒక్కసారే గట్టిగా తొక్కి పట్టండి. వదిలి వదిలి తొక్కితే బూస్టర్‌లో వాక్యూమ్ అయిపోయి పెడల్ బిగుస్తుంది. న్యూట్రల్‌లో వేయండి. పక్కకి ఆపాకే తాళం తిప్పండి, బండి కదులుతుండగా తాళం బయటికి లాగితే స్టీరింగ్ లాక్ అవుతుంది.